చెంచులక్ష్మి పాట, మన పిల్లల చదువు

యాగంటి చూసి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లేవాళ్లకు చెంచులక్ష్మి కథ తెలుసు. ఆ కథతో 1958లో బి.ఎ. సుబ్బారావు తీసిన ‘చెంచులక్ష్మి’లో అంజలీదేవి నరహరికి అడవి విద్యల్లో పరీక్ష పెడుతుంది. దేవుడికైనా అడవి విద్య వస్తేనే పిల్లనిస్తామన్నట్టుంటుంది ఆ పాట. అది మాకు నచ్చింది. పాడిన ఘంటసాల, జిక్కి ప్రతిభనూ కాదనం. కానీ కథ అడవిది, కూలి పట్నానిది.

ఆళ్లగడ్డలో ఉలి పట్టడం బతుకుతెరువు. మన గూడేల్లో బొమ్మలు గీసే పిల్లల్ని పండగరోజు మెచ్చుకుని, మర్నాడు ‘ఇక చదువుకో’ అంటున్నాం. చిత్రలేఖనం, శిల్పం కూడా చదువులే. వాటికోసం 2020లో కడపలో విశ్వవిద్యాలయమే పెట్టారు. ఇంటర్ అయిన పిల్లలకు టీచర్లు ఆ దారీ చెప్పాలి. మన కథ తీసేచోట మనవాళ్లూ జీతానికి ఉండాలి.