కాంటెస్సాను షెడ్డులో పెట్టకండి

కాంటెస్సాను మన దేశపు మజిల్ కారు అంటుంటారు. పొడుగాటి ముక్కు, చదునైన డిక్కీ, వెనక చక్రాలు తోసే నడక చూస్తే అమెరికా బండి పోలికలు కనిపించే మాట నిజమే. బానెట్ ఎత్తితే కథ వేరు. 1964లో వచ్చిన అమెరికా మజిల్ కారు పాంటియాక్ జీటీఓలో 6.4 లీటర్ల వీ8 ఇంజనుంటే, 1984లో హిందుస్థాన్ మోటార్స్ అమ్మకానికి పెట్టిన కాంటెస్సాలో ఉన్నది అంబాసడర్ తరహా 1489 సీసీ ఇంజను. బలం యాభై హార్స్‌పవర్. పెళ్లికొడుకు ఒడ్డూ పొడుగూ బ్రహ్మాండం, జీతమే చాల్లేదన్నట్టు ఉండేది వ్యవహారం.

ఆ లోటు తీర్చింది ఇసుజు. జపాను కంపెనీ రూపొందించిన 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్ల బాక్సు ఎక్కాక వచ్చినదే కాంటెస్సా క్లాసిక్. ఒళ్లేమో డెబ్బైల నాటి ఇంగ్లండు వాక్స్‌హాల్‌ది, ఇంజను జపానుది, కట్టింది బెంగాల్లోని ఉత్తర్‌పారాలో. పాత బండిని కొత్త కాలానికి సరిచేసి తిప్పడం మనం అమెరికా వాళ్ల దగ్గర నేర్చుకోనక్కర్లేదు, కంపెనీ తానే చేసి చూపించింది. 2002లో తయారీ ఆగింది. అంటే ఇవాళ రోడ్డు మీదున్న ప్రతి కాంటెస్సాకూ ఇరవై ఏళ్లు దాటాయి.

అలాంటి బండిని ఉక్కు టౌన్‌షిప్ భిలాయి సెక్టర్ 2లో రోజువారీ కారుగా వాడొచ్చా? వాడొచ్చు. వాడితేనే బతుకుతుంది కూడా. కాకపోతే ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ చెయ్యి బిగపట్టాలో తెలియాలి.

ఆ తెలివి భిలాయిలో కొత్తగా పుట్టాల్సింది కాదు. 1955లో ఉక్కు కర్మాగారానికి సోవియట్‌లతో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఆ తర్వాతి దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి సెక్టర్లలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ‘షట్‌డౌన్’, ‘క్యాపిటల్ రిపేర్’ వంటింటి మాటలే. యంత్రం ఆగిపోయాక పరుగెత్తడం కాదు, ఆగకముందే తేదీ చూసి విప్పాలన్నది ప్లాంటు పాఠం. పాత కారుకి కావలసిందీ అదే.

టౌన్‌షిప్‌లో ఒక చిక్కుంది. దూరాలు మరీ తక్కువ. సెక్టర్ 2 నుంచి సివిక్ సెంటరుకో, సెక్టర్ 9 ఆసుపత్రికో వెళ్లొస్తే ఇంజను సరిగా వేడెక్కనే వేడెక్కదు. సైలెన్సరులో చేరిన తడి ఆవిరై పోదు, లోపల్నించి తుప్పు తింటుంది. పెట్రోలు కొంత ఇంజనాయిల్లోకి దిగుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు. అందుకే ఇక్కడ ఆయిలు మార్చడానికి కిలోమీటర్లు లెక్కపెట్టుకోకూడదు, నెలలు లెక్కపెట్టుకోవాలి. వారానికోసారి రాయపూర్ దాకా, ముప్ఫై కిలోమీటర్లు, ఆగకుండా నడిపితే బండి ఊపిరి పీల్చుకుంటుంది.

రెండో చిక్కు ఎండ. మే నెలలో సుపేలా కూడలిలో ఆగి ఉన్న పాత బండి టెంపరేచర్ ముల్లు చూస్తూ కూర్చోవడం ఎవరికీ సరదా కాదు. రేడియేటర్ కోరు కొత్తది వేయించి, వేడిని బట్టి తానే తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించి, కుళాయి నీళ్ల బదులు కూలెంట్ పోస్తే సగం బెంగ తీరుతుంది. కానీ చాలామంది మెకానిక్కులు అంతకంటే సులువైన దారి ఒకటి పడతారు. థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. ‘ఇక హీటెక్కదు సార్’ అంటారు. ఎక్కదు సరే, చలికాలం పొద్దున ఎక్కాల్సిన వేడీ ఎక్కదు. చల్లగా తిరిగే ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వాల్వు పీకిన బండి కొంటే మొదటి వారంలోనే కొత్తది పెట్టించండి. దాని ఖరీదు ఏమంత కాదు.

లైట్ల సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. పాత బండ్లకు రాత్రి వెలుతురు చాలదని పెద్ద బల్బులు వేస్తారు, వైర్లు కమురు వాసన వస్తాయి. లోపం బల్బులో లేదు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్చి దాకా వచ్చి, అక్కణ్నించి వెనక్కి మళ్లి లైట్లకు పోతుంది. రెండు అరవై వాట్ల బల్బులకు పది ఆంపియర్లు ఆ సన్నటి పాత వైరు గుండా, నల్లబడ్డ స్విచ్చి గుండా నడవాలి. దారిలోనే ఓల్టు, రెండోల్టులు పోతాయి. లైట్ల పక్కనే రిలేలు బిగించి బ్యాటరీ నుంచి లావుపాటి వైరు నేరుగా లాగితే, స్విచ్చి చేసేది సైగ మాత్రమే. అవే బల్బులు తెల్లగా వెలుగుతాయి. ఫ్యూజు మాత్రం మరవకూడదు.

స్పార్కు కోసం డిస్ట్రిబ్యూటరులో పాయింట్లున్న బండయితే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడం మంచిది. పాత 1489 ఇంజనుకు పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు. ఆకురాయి పెట్టి రుద్ది, గేజితో కొలిచి సరిచేసే చేతులు తగ్గిపోతున్నాయి.

పెట్రోలు మారింది. 2000లో సీసం పోయింది, 2025 నాటికి ఇరవై శాతం ఇథనాల్ వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి చిట్లుతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు, గొట్టాలు అన్నీ ఇథనాల్ తట్టుకునే రకానివి వేయించాలి. ఇథనాల్ గాలిలో తేమనూ పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. గుడ్డ కప్పి దాచుకున్న కారు కంటే రోజూ తిరిగే కారు ఆరోగ్యంగా ఉండటానికి ఇదొక కారణం.

బ్రేకుల విషయంలో బేరాలాడకండి. బ్రేక్ ఆయిలు కూడా తేమ పీల్చేదే, రెండేళ్లకోసారి మార్చాలి. వీల్ సిలిండర్ రబ్బర్లు చూపించాలి. మూడు పాయింట్ల సీటు బెల్టు లేకపోతే పెట్టించాలి.

ఇంజను మార్చి ఇంకేదో కంపెనీ పెద్ద మోటారు దింపుదామనే కుర్రాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దానికి ఒప్పదు. తయారీ ప్రమాణాలకు భిన్నమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ తేల్చింది. 1489 సీసీ బండిలో ఇసుజు ఇంజను దింపాలన్నా ముందు ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో ఎక్కించుకోవాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ముచ్చటలో పడినవాళ్లు బ్రేకులకు పెట్టాల్సిన డబ్బు ఇంజనుకు పోస్తారని నా అభిప్రాయం. ఇసుజు 88 హార్స్‌పవర్ దుర్గ్ రోడ్డుకు ధారాళంగా సరిపోతుంది.

2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా మనకు పనికిరాదు. యాభై ఏళ్లు దాటిన బండ్లకే అది వర్తిస్తుంది, పైగా ఆ నంబరుతో మామూలుగా రోడ్ల మీద తిప్పుకోనివ్వరు. మొదటి కాంటెస్సాకు యాభై నిండేది 2034లో. రోజూ నడపాలనుకునేవారికి మామూలు ఆర్సీయే దారి. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2025 ఆగస్టులో పది వేల రూపాయలకు పెరిగింది.

రిటైరై క్వార్టరు ఖాళీ చేసి సొంతూరికి సర్దుకునేటప్పుడు ఇలాంటి బండి కబాడీవాడి కంట పడుతుంది. తూకానికి ఇచ్చేముందు ఆర్సీ తీసి గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. గడువుంటే, అడుగున ఛాసిస్ భాగాలు తుప్పు తినకుండా ఉంటే, నడుపుకునేవాడికే అమ్మండి.