ఒక్క అబద్ధం, చుట్టూ అంతా నిజం

జంధ్యాల పేరెత్తితే ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాతే పాత్రలు గుర్తొస్తాయి. అంతగా హాస్యానికి అంటుకుపోయిన ఆ పేరు మన తొలి టైమ్ మెషీన్ సినిమా మీద కూడా ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. 1991 జులై 18న విడుదలైన 'ఆదిత్య 369'కు కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం సింగీతం శ్రీనివాసరావువి. మాటలు జంధ్యాలవి. సిద్దిపేట జిల్లా దుబ్బాక లాంటి నేత ఊళ్లో ఆ తర్వాత పుట్టిన పిల్లలకు అది థియేటర్ సినిమా కాదు, టీవీ సినిమా. సెలవు రోజు మధ్యాహ్నం ఎక్కడో సగంలో పట్టుకుని చూసినా అర్థమయ్యే సినిమా. సైన్స్ ఫిక్షన్‌కు ఆ మాత్రం తేలిక ఊరికే రాదు. అందులో మాటల రచయిత పనితనం చాలా ఉంది.

1951లో పుట్టిన జంధ్యాల నాటకాల నుంచి సినిమాకు వచ్చారు. రంగస్థలం మీద కెమెరా మాయలుండవు. లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించే భారమంతా మాట మీదే పడుతుంది. 'శంకరాభరణం' సంభాషణలు రాసినా, తానే దర్శకుడై నవ్వించినా ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. 2001 జూన్ 19న, యాభై ఏళ్లకే, వెళ్లిపోయారు.

ఆయన పద్ధతిని 'అహ నా పెళ్ళంట'లో దగ్గరగా చూడొచ్చు. పిసినారి లక్ష్మీపతి ఎదురుగా కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. లోకంలో ఎవడూ చేయని పని అది. కానీ ఆ వేషం వేసిన కోట శ్రీనివాసరావు ముఖంలో వేళాకోళం లేదు. లక్ష్మీపతికి అది మామూలు భోజనమే. చూసేవాడు ఒప్పుకోవాల్సిన అబద్ధం ఒక్కటే, వాడి పిసినారితనానికి హద్దు లేదని. అది ఒప్పుకున్నాక మిగతాదంతా లెక్క ప్రకారమే నడుస్తుంది. సైన్స్ ఫిక్షన్ సూత్రం కూడా సరిగ్గా ఇదే. కాలంలో ప్రయాణించే యంత్రం ఉందని ఒక్కసారి ఒప్పుకుంటే చాలు. ఆ తర్వాత మనుషులు మనుషుల్లాగే భయపడాలి, గొప్పలు పోవాలి, ఇంటికెళ్తామని గోల చేయాలి. రెండో అబద్ధం ఆడితే ప్రేక్షకుడు లేచిపోతాడు.

రెండో మెళకువ, చేతికందే వస్తువు. 'ఆదిత్య 369'లో అది వజ్రం. మ్యూజియంలో దాని దొంగతనం ఒక పిల్లవాడి కంట పడుతుంది. కథ 1526కు, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్తే అక్కడా అదే వజ్రం. నాలుగున్నర శతాబ్దాల దూరాన్ని ఎవరూ ఉపన్యాసమిచ్చి వివరించనక్కర్లేదు. రాయిని చూస్తే తెలిసిపోతుంది.

మూడోది భాష. రాయల సభలో గ్రాంథికం, మన కాలం నుంచి వెళ్లినవాళ్ల నోట రోజువారీ తెలుగు. రెండూ ఎదురుపడిన చోటే నవ్వు పుడుతుంది. ఆ నవ్వే మనం వేరే కాలంలో ఉన్నామని ఒప్పిస్తుంది. తెలుగు సినిమాకు ఈ విద్య అప్పటికే తెలుసు. 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు ఎక్కడో ఉన్న ప్రియమైనవాళ్లను చూపించే ప్రియదర్శిని పేటికను కథలో పెట్టి, దాని చుట్టూ ఇంటిల్లిపాది కుతూహలాన్ని అల్లారు. 1957 నాటి ఆ పెట్టెను నేటి పిల్లలు చూస్తే వీడియో కాల్ అనేస్తారు.

సినిమాకు ముందు సంగతి కావాలంటే దుబ్బాక వాళ్లు దూరం పోనక్కర్లేదు. సిద్దిపేట జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీలు గుడ్డ మీద కథల పటాలు గీస్తారు. పద్మశాలీల కోసం కూనపులి వాళ్లు అలాంటి పటం కట్టి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవారు. విష్ణువు నాభి కమలం తూడు నుంచి దారం తీసి బట్ట నేయడం, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడటం, కాలవాసురుణ్ణి చంపడం, అన్నీ అద్భుతాలే. అయినా వినేవాడికి అందులో తన మగ్గం, తన నూలు, తన కులం కనిపిస్తాయి. ఎర్రటి నేపథ్యంలో ఒక గడి తర్వాత ఒక గడి విప్పుతూ పోతే కథ సీరియల్‌లా సాగుతుంది. జంధ్యాల ఈ పటాన్ని చూసి నేర్చుకున్నారని కాదు. అద్భుతాన్ని వినేవాడి బతుకుకు ముడేయడం ఇద్దరికీ ఒకటే అని.

ఈ పని విలువ నవ్వుతో ఆగిపోదు. అమెరికా టీవీలో రాడ్ సెర్లింగ్ 1959 నుంచి 1964 దాకా నడిపిన 'ది ట్వైలైట్ జోన్' 156 భాగాల్లో 92 ఆయన రాసినవే. జాతి వివక్ష, యుద్ధభయం గురించి నేరుగా రాస్తే స్పాన్సర్లు కోసేస్తుంటే, ఆ మాటలనే గ్రహాంతరవాసుల కథల్లో పెట్టి చెప్పారు. 'ఆదిత్య 369' కూడా 2504కు వెళ్లినప్పుడు అణు ధార్మికతకు జడిసి నేల కింద బతికే మనుషుల్ని చూపించింది. కబుర్లాడుతూనే హెచ్చరించింది.

తెలుగు టీవీలో పాములు పగబడతాయి, ఆత్మలు తిరిగొస్తాయి గానీ ఈ రకం కథలు అరుదు. గ్రాఫిక్స్‌కు డబ్బు లేదని సాకు చెబుతారు. లక్ష్మీపతి కోడికి ఎంత ఖర్చయింది? రాయాలనుకునే దుబ్బాక కుర్రాడికి గుంట మగ్గం చాలు. ఒక రాత్రి నేసిన బట్ట మీద మర్నాటి సంగతులు అంచులా పడ్డాయనుకోండి. అబద్ధం అక్కడితో సరి. పక్కింటి అమ్మాయి పరీక్ష ఫలితం చూసి చెప్పమంటుంది. అప్పిచ్చినవాడు తన బాకీ తీరుతుందో లేదో చూడమంటాడు. చేనేత సొసైటీ వాళ్లు మాత్రం గజానికి కూలి ఏ రేటున కట్టాలని అడుగుతారు. మొదటి ఇద్దరూ కథను నడిపిస్తారు. దాన్ని నమ్మించేది సొసైటీ వాళ్ల ప్రశ్నే.