విన్నది కూడా దాచిపెట్టాలి

1950 డిసెంబరులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక టేపు రికార్డరు కొన్నాడు. అప్పటికే జాజ్ సంగీతంలో ఆయన్ను మించిన పేరు లేదు. స్టూడియోల్లో ఎన్నో ఏళ్ళుగా రికార్డులు ఇస్తున్న మనిషి, సొంతానికి ఒక యంత్రం తెచ్చుకుని, 1971 జులై 6న కన్నుమూసేదాకా ఆ అలవాటు వదల్లేదు. ఇంట్లో, హోటలు గదుల్లో, కచేరీ ముగిశాక మేకప్ గదుల్లో టేపు తిరుగుతూనే ఉండేది. న్యూయార్క్ నగరం క్వీన్స్ ప్రాంతంలోని కరోనా పేటలో, 1943 నుంచి ఆయన కాపురమున్న ఇంట్లో, ఆయన పోయేనాటికి 700కు అటూ ఇటూగా స్పూలు టేపులు మిగిలాయి.

ఆ టేపుల్లో కచేరీలు కొన్నే. భార్య లూసిల్‌తో మాటలు, స్నేహితులతో పరాచికాలు, పాత కథలు ఉంటాయి. వాటికన్నా ముఖ్యంగా ఆయన విన్న సంగీతం ఉంటుంది. తన దగ్గరున్న గ్రామఫోను రికార్డులు వరసబెట్టి టేపుకెక్కించుకున్నాడు. కుర్రతనంలో న్యూ ఆర్లీన్స్‌లో ఎన్రికో కరూసో, తెత్రజ్జీని వంటి ఒపెరా గాయకుల రికార్డులు కొనుక్కుని విన్నవాడాయన. గై లంబార్డో బృందమంటే ప్రాణం పెట్టేవాడు. లంబార్డోది మెత్తటి డాన్సు సంగీతం. జాజ్ పండితులకు అది ఆనదు, ఆయన మాత్రం ఆ ఇష్టాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. తన గురువు కింగ్ ఆలివర్‌తో 1923లో వాయించిన రికార్డులు పెట్టుకుని, వాటి పక్కన మళ్ళీ ట్రంపెట్ పట్టిన సందర్భాలూ ఉన్నాయి. గురువు పోయి ఎన్నో ఏళ్ళయినా ఆయన వెనకాల కూర్చుని వాయించాలనిపించడం నాకు చాలా గొప్పగా తోస్తుంది.

ప్రతి టేపుకూ సంఖ్య వేసేవాడు. అందులో ఏముందో చేత్తో జాబితా రాసేవాడు. డబ్బాల మీద ఫొటోలు, పత్రికల ముక్కలు కత్తిరించి అంటించేవాడు. అలా అలంకరించినవే 500 దాకా ఉన్నాయి. ఆరోగ్యం చెడి ఇంటిపట్టున ఉన్న చివరి ఏళ్ళలోనూ ఆ పని మానలేదు. ఆయన ఇల్లు 2003 నుంచి మ్యూజియం. ఆయన ట్రంపెట్ తారస్థాయిలో అంతసేపు ఎందుకు నిలుస్తుందని అడిగేవాళ్ళకు ఆయన కుర్రతనంలో విన్న ఆ ఒపెరా రికార్డుల్లో కొంత జవాబు దొరుకుతుంది.

మన దగ్గరా ఇలా విని పెరిగిన పాట ఉంది. విజయవాడ రేడియోలో పనిచేసిన ఓలేటి వెంకటేశ్వర్లు గారు హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ గానాన్ని ఆరాధించినవారు. కర్ణాటక రాగం పాడుతున్నా ఆ వినికిడి ఆయన గొంతులో పలికేది. ఓలేటి గారి పాట ఈ తరానికి అందిందంటే రేడియో వాళ్ళు దాచినందుకూ, రసికులు ఇళ్ళలో టేపులు పట్టుకున్నందుకూ.

ఇక చిత్తూరు జిల్లాలోని మా కార్వేటినగరం సంగతి. వేణుగోపాలస్వామి ముద్రతో రెండు వందలకు పైగా పదాలు రాసిన సారంగపాణి ఈ సంస్థానం మనిషి. వర్ణాలు కట్టిన గోవిందసామయ్య, కూవనసామయ్య సోదరులు ఇక్కడివారే. వాళ్ళు రాసినవి మనకు చేరాయి. ఎవరి పాట వింటూ రాశారో, ఎవరిని పిలిపించి మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారో ఆ సంగతి చేరలేదు. ఆనాడు యంత్రాలు లేవు, వాళ్ళను తప్పుపట్టలేం. మనకు ఆ సాకు లేదు.

ఈ ప్రాంతంలో ధర్మరాజుల తిరునాళ్ళు తెలియనివాళ్ళుండరు. పగలు భారతం హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపసుమాను ఎక్కే రోజు, చివర దుర్యోధన వధ. క్యాసెట్లు వచ్చాక, ఇవన్నీ జరిగే భారతం మిట్ట దగ్గర టేపు రికార్డరు ఒడిలో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు. మా అవ్వ ఆ క్యాసెట్లే వినేది. "నాయినా, వెనక్కి తిప్పు, ద్రౌపది ఏడ్చేది ఇంకోసారి వినాల" అనేది. వేషం కట్టేవాళ్ళు కూడా పక్క ఊరి క్యాసెట్లు తెప్పించుకుని దరువులు పట్టుకునేవాళ్ళు. ఏ వేషగాడి దగ్గర ఎవరి క్యాసెట్లు ఉండేవో తెలిస్తే ఈ నాటకానికి సగం చరిత్ర దొరికినట్టే.

ఆ క్యాసెట్లు ఇప్పుడు అటకల మీద బూజుపట్టి ఉన్నాయి. మన వానాకాలం చెమ్మకు టేపు మీద తెల్లటి ఫంగస్ లేస్తుంది. టేపును హెడ్డుకు ఆనించే చిన్న ఫెల్ట్ మెత్త ఊడిపోతుంది. 90 నిమిషాల క్యాసెట్లలో టేపు పలచన, లాగితే సాగిపోతుంది. బూజు పట్టినదాన్ని నేరుగా ప్లేయర్లో వేస్తే హెడ్డు పాడవుతుంది, తర్వాత వేసే క్యాసెట్లకూ బూజు అంటుకుంటుంది. ముందు పొడిచోట ఆరనిచ్చి, మెత్తటి బ్రష్షుతో దులిపి, పూర్తిగా ముందుకీ వెనక్కీ ఒకసారి తిప్పాలి. హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూను ప్రతి క్యాసెట్‌కూ కొద్దికొద్దిగా సర్దాలి. రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఎలా వాలి ఉందో ఈ హెడ్డూ అలాగే వాలితే తప్ప పై స్వరాలు తేటగా వినపడవు. తాళాల మోత ఒక్కసారిగా తేటపడే చోట చెయ్యి ఆపేస్తే సరి. ఓపిక కావాల్సిన పని, కానీ ఇంత సంతోషాన్నిచ్చే పని నాకు ఇంకోటి లేదు.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు చాలామంది సద్దంతా తీసేస్తారు. నేను ఒప్పుకోను. కుక్క అరుపు, జనం ఈలలు, హార్మోనియం వెనక పిల్లల కేకలు ఆ రాత్రికి చెందినవి. తీయాలనుకుంటే వేరే కాపీలో తీసుకోండి, అసలు ఫైలును కుదించకుండా ఉన్నదున్నట్టు రెండు చోట్ల దాచండి.

అన్నిటికన్నా తొందరగా చెయ్యాల్సిన పని వివరాలు రాసుకోవడం. డబ్బా మీద పేరు లేని క్యాసెట్‌లో ఎవరి గొంతు ఉందో గుర్తుపట్టేవాళ్ళు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన టేపుల వివరం తనే రాసుకున్నాడు గనుక ఇవాళ ఎవరైనా వాటిలో దారి పట్టుకోగలుగుతున్నారు. మీ ఇంట్లో క్యాసెట్లుంటే ఈ ఆదివారం దించండి. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించి, పాడిందెవరు, ఏ ఊళ్ళో, ఏ తిరునాళ్ళో, ఆ క్యాసెట్‌ను ఎవరు ఎన్నిసార్లు వినేవారో అడిగి రాయండి.