వీపు వెనక బొంత

కథలు చదివి రికార్డు చేయాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ మైకు కొనమంటారని. ఏ గదిలో చదువుతారని నేను తిరిగి అడుగుతాను. మన ఇళ్లలో కింద టైల్సు, పైన శ్లాబు, చుట్టూ నున్నటి గోడలు. మాట నేరుగా మైకును చేరుతుంది, గోడలకు తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి చేరుతుంది. మంచి కండెన్సర్ మైకు ఆ రెండోదాన్నీ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది.

చాలామంది మైకు వెనక గోడకు ఫోమ్ అంటిస్తారు. గొంతు రికార్డింగుకు ఎక్కువగా వాడే కార్డియాయిడ్ మైకుకు వెనకనుంచి వచ్చేది అసలే తక్కువ వినిపిస్తుంది. అది చూసేది చదివే మనిషినీ, ఆ మనిషి వెనకున్న గోడనీ. అందుకే మందపాటి బొంత కట్టాల్సింది మన వీపు వెనక. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చున్నా చాలావరకు పనవుతుంది.

మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం చాలు. అది రెట్టింపైతే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో మోత మాత్రం తగ్గదు. గొంతు కోసమని గెయిన్ పెంచితే ఫ్యానూ వీధీ కూడా పెరుగుతాయి. మరీ బెత్తెడు దూరానికి వస్తే బేస్ పెరిగి మాట ముద్దగా వినిపిస్తుంది.

ఇక ఒత్తక్షరాలు. అరచేయి నోటి ముందు పెట్టుకుని ‘పలక’ అనండి, తర్వాత ‘ఫలం’ అని ఒత్తి పలకండి. రెండోసారి చేతికి తగిలిన గాలే మైకులో ధబ్బుమని పడుతుంది. పద్యాలూ పురాణాలూ చదివేటప్పుడు ఇవి అడుగడుగునా వస్తాయి. వాటిని తేల్చి పలకమని నేనెవరికీ చెప్పను, ఒత్తు పోతే పద్యం పోయినట్టే. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివర వైపు జరిపి, నోటివైపు తిప్పి పెడితే గాలి పక్కనుంచి పోతుంది, మాట మిగులుతుంది. పాప్ ఫిల్టర్ కూడా ఉంటే మరీ మంచిది. గట్టిగా చదివిన చోట మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకోండి. 24 బిట్‌లో రికార్డు చేస్తే తర్వాత పెంచుకోవచ్చు.

నన్ను బాధపెట్టేది, ఆనక సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుందిలే అన్న భరోసా. తెలుగు వాక్యం చివర గొంతు దిగుతుంది, ఆఖరి అచ్చు సన్నగా ఆగుతుంది. నాయిస్ గేట్‌ను గట్టిగా బిగిస్తే ‘చెప్పాడు’లోని ఉకారం ఫ్యాను మోతతోపాటే తెగిపోతుంది. నడివేసవి అయినా సరే, ఫ్యాను ఆపి ఒక పేజీ చదవమంటాను. మళ్లీ వేసుకుని, చెమట ఆరాక తర్వాతి పేజీ. మొదలుపెట్టే ముందు ఖాళీ గదిని ఓ పది సెకన్లు రికార్డు చేసి ఉంచుకుంటే, దగ్గు కోసేసిన చోట అతకడానికి పనికొస్తుంది.