దేవదూషణ - మొర

జాషువా 'గబ్బిలం' 1941లో వెలువడింది. ఆ కావ్యం దేవదూషణ అనే నింద నేటికీ అప్పుడప్పుడు వినబడుతూనే వున్నది. సిద్ధిపేటలో నేను పాఠం చెప్పే తరగతిలోనే ఒక విద్యార్థి, "దేవుళ్ళను పట్టుకొని అట్లా నిలదీయటం దూషణ కాదా సార్?" అని అడిగాడు. నిజాయితీగా అడిగిన ప్రశ్న అది. 'మూఢవిశ్వాసం' అని ఒక్క మాటతో కొట్టివేసే అలవాటు మన అభ్యుదయవాదులలో కొందరికి వున్నది గాని, దానివల్ల ప్రశ్న చావదు. దేవదూషణ అనే మాటను తెలుగువాడికి బాగా అలవాటు చేసింది బైబిలు అనువాదమే. జాషువా పుట్టి పెరిగిన మతానికి గ్రంథం కూడా అదే. కనుక విచారణ అక్కడినుంచి మొదలుపెట్టటం న్యాయం.

లేవీయకాండం 24వ అధ్యాయంలో ఒక దూషకుని కథ వున్నది. తల్లి ఇశ్రాయేలు స్త్రీ, పేరు షెలోమీతు. తండ్రి ఐగుప్తు దేశస్థుడు. పాళెంలో ఎవరితోనో జగడం వచ్చి, ఆ కోపంలో ఆ కుర్రవాడు దేవుని నామాన్ని దూషించాడు. రాళ్ళతో కొట్టి చంపారు. జగడం దేనికో మూలగ్రంథం చెప్పదు. యూదుల ప్రాచీన వ్యాఖ్యాతలు మాత్రం ఆ ఖాళీని పూరించారు. అతడు తల్లి గోత్రమైన దాను గోత్రంవారి మధ్య గుడారం వేసుకోబోయాడట. స్థలం తండ్రి గోత్రాన్ని బట్టి వస్తుంది, నీకిక్కడ చోటు లేదన్నారట. తీర్పు కూడా అతనికి వ్యతిరేకంగానే వచ్చిందట. అప్పుడు నోరు జారాడు. వ్యాఖ్యాతలు అతణ్ణి సమర్థించలేదు. అయినా దూషణకు ముందు ఇంటిజాగా తగాదా ఒకటి వుండి తీరాలని వారికి తోచింది చూడండి, అది నాకు గొప్ప సాహిత్య వివేకంగా కనిపిస్తుంది. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ అయిన జాషువాను చదువుతున్నప్పుడల్లా నాకీ షెలోమీతు కొడుకు జ్ఞాపకం వస్తాడు.

ఇక రాజుల మొదటి గ్రంథంలోని నాబోతు కథకు తెలంగాణ పాఠకునికి వ్యాఖ్యానం అక్కరలేదు. గడీ పక్కన పేదవాని చెలక వున్నదనుకోండి. కథ సగం తెలిసిపోయినట్లే. రాజు అహాబు నగరు పక్కన నాబోతుకు ద్రాక్షతోట వుంది. రాజుగారికి అది కూరతోటకు కావలసి వచ్చింది. పిత్రార్జితం, ఇవ్వనన్నాడు నాబోతు. రాజు అన్నం మాని మంచమెక్కాడు. రాణి యెజెబెలు రాజముద్ర వేసి పెద్దలకు లేఖలు వ్రాసింది: ఉపవాసం చాటించండి, నాబోతును నలుగురి ముందు కూర్చోబెట్టండి, దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరు దుర్మార్గులచేత చెప్పించండి. ధర్మశాస్త్రం కోరేది ఇద్దరు సాక్షులను, ఇద్దరూ వచ్చారు. ఊరి బయట రాళ్ళు పడ్డాయి. రాజు లేచి తోట స్వాధీనం చేసుకోవటానికి బయలుదేరాడు. ఇందులో శాస్త్రవిరుద్ధంగా జరిగినట్లు పైకి కనిపించేది ఒక్కటీ లేదు. భక్తికి లోటు లేదు, ఉపవాసం కూడా వున్నది. దేవుని పక్కన రాజును చేర్చిన నేర్పు గమనించదగ్గది.

ఒక చిన్న భాషావిశేషం. హీబ్రూ మూలంలో ఇక్కడ 'దూషించాడు' అని వుండదు, 'దీవించాడు' అని వుంటుంది. దేవుని పక్కన తిట్టును వ్రాయటానికి లేఖకుని చెయ్యి ఆడలేదు. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందనే మనకు ఇది వింత కాదు.

సువార్తలకు వస్తే నింద ఏసు మీదికి తిరిగింది. కపెర్నహూములో పక్షవాత రోగితో, నీ పాపాలు క్షమింపబడ్డాయన్నాడు. అక్కడ కూర్చున్న శాస్త్రులు అది దేవదూషణ అని మనసులో అనుకున్నారు. ధర్మశాస్త్ర పండితులను 'శాస్త్రులు' అని అనువదించిన మహానుభావులు తెలిసే చేశారో తెలియకనే చేశారో గాని, తెలుగువాని చెవికి ఆ మాట జెరూసలేములో ఆగదు! చివరకు ప్రధానయాజకుని ఎదుట విచారణ జరిగింది. ఏసు జవాబు విని ఆయన బట్టలు చించుకొని దేవదూషణ అన్నాడు. క్రీ.శ. 200 ప్రాంతాన కూర్చిన 'మిష్నా' ప్రకారం దేవుని నామాన్ని స్పష్టంగా ఉచ్చరించి దూషిస్తేనే ఆ నేరం. మార్కు వ్రాసిన ప్రకారం ఏసు ఆ నామం పలుకనే లేదు. దేవుణ్ణి 'శక్తి' అనే మాటతో సూచించాడు. పైగా, పిలాతు ముందుకు వచ్చేసరికి, లూకా చెప్పినట్లు, నేరాల పట్టిక మారిపోయింది: ప్రజలను తిప్పుతున్నాడు, కైసరుకు పన్ను వద్దంటున్నాడు, తానే రాజునంటున్నాడు. రోము అధికారికి దేవదూషణతో పని లేదు. పన్ను మాట చెబితేనే అతనికి చెవికెక్కుతుంది.

మా పాత మెదకు జిల్లావారందరికీ తెలిసిన చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చి, రంగుటద్దాల కిటికీలలో ఏసు జననం, సిలువ, ఆరోహణం వున్నాయి. చూడటానికి వెళ్ళినవారు సిలువ దగ్గర చాలాసేపు నిలబడతారు. ఆ సిలువకు ముందు జరిగిన విచారణను పండితులే కాదు, మనమూ చదవాలి.

క్షమాపణ లేని దూషణ ఒకటున్నదని మార్కు మూడవ అధ్యాయంలో ఏసు అంటాడు. పరిశుద్ధాత్మను దూషించటం అది. ఈ మాట తలచుకొని కుమిలిపోయిన భక్తులు ఎందరో. కాని సందర్భం చూడాలి. రోగులను బాగుచేస్తున్నవానిని జెరూసలేము శాస్త్రులు దయ్యం పట్టినవాడన్నారు. అతనికి అపవిత్రాత్మ వున్నదని వారన్నందువల్లనే ఆ మాట అన్నాడని సువార్తికుడే వివరణ ఇచ్చాడు. అంటే, నా అవగాహనలో, మేలు చేసేవానిని అపవిత్రుడనటమే ఆ దూషణ. దూషణ నేరం మోపేవారి మీదికే నేరం తిరిగింది. అపవిత్రం అనే మాట మన దేశంలో ఎవరిని ఎంతకాలం ఊరి బయట నిలిపిందో జాషువా పాఠకునికి వేరే చెప్పాలా?

ఇప్పుడు 'గబ్బిలం' దగ్గరకు వద్దాం. మన సాహిత్యంలో దేవుణ్ణి తిట్టినవారు లేరా? భద్రాద్రి రాముణ్ణి రామదాసు నిలదీశాడు. కాసుల పురుషోత్తమకవి 'ఆంధ్రనాయక శతకం' పొడుగునా శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి ఎత్తిపొడిచాడు. మనం దానికి నిందాస్తుతి అని ముద్దుపేరు పెట్టి పరీక్షల్లో ప్రశ్నగా ఇస్తున్నాం. అక్కడ భక్తి అయినది ఇక్కడ దూషణ ఎట్లా అయింది? అన్న మాట కన్న అన్నవాని కులమే తీర్పును నిర్ణయిస్తున్నదని నా అభియోగం.

అయితే 'గబ్బిలం' కూడా నిందాస్తుతే అని సర్దిచెప్పే మిత్రులతో నేను ఏకీభవించను. నిందాస్తుతికి చనువు కావాలి. గర్భగుడి దాకా వెళ్ళగలిగినవానికే ఆ చనువు. జాషువా కథానాయకుడు తంజావూరు ప్రాంతపు అస్పృశ్యుడు. గుడి గడప తొక్కరాదు. గుడి చూరున వ్రేలాడే గబ్బిలానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. అందుకే దానిచేత కాశీ శివునికి కబురు పంపుతున్నాడు. ఇన్ని కోట్ల దేవతలున్న దేశంలో పేదవాని ఆకలి తీరదేమని అడగటం తిట్టు కాదు, మొర. దేవుడు వినడనుకున్నవాడు అంత దూరం కబురెందుకు పంపుతాడు? మేఘాన్ని పంపిన కాళిదాసు యక్షునికి ప్రియురాలు దూరమైంది. ఇతనికి దూరమైనది న్యాయం.

మన చట్టం కూడా ఇక్కడ వేరే దారి పట్టింది. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295-ఎ సెక్షను, 2024 జులై 1 నుంచి న్యాయ సంహితలో 299గా వున్నది. దేవునికి జరిగిన అవమానాన్ని కాక విశ్వాసుల మనోభావాన్ని, దానితోపాటు మాట్లాడినవాని దురుద్దేశాన్ని అది చూస్తుంది. ఉద్దేశాన్ని చూడాలంటే కావ్యాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాలి. నిందించేవారు అంత శ్రమ పడటం అరుదు.

విచిత్రమేమంటే, హిందూ పురాణ కథలు చదివి కావ్యాలు వ్రాశాడని ఈ జాషువానే క్రైస్తవ మతపెద్దలు సంఘంనుంచి బహిష్కరించారు. ఒకరికి అస్పృశ్యుడు, ఒకరికి భ్రష్టుడు. ఆయన 'క్రీస్తు చరిత్ర' 1958లో వచ్చింది, 1964లో దానికే కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఆ పెద్దలు నిత్యం చదివే గ్రంథంలోనే యోబు వున్నాడు. సర్వం కోల్పోయి దేవుణ్ణి న్యాయస్థానానికి రమ్మన్నంత పని చేశాడు. ముగ్గురు స్నేహితులు దేవుని తరఫున వకాల్తా పుచ్చుకొని, నీలో పాపం లేనిదే ఇట్లా జరుగుతుందా అని వాదించారు. మన కర్మసిద్ధాంతానికి దగ్గరి చుట్టం ఆ వాదం. చివరి అధ్యాయంలో దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీద. తనను గురించి యోబు పలికినట్లు యుక్తంగా వారు పలుకలేదన్నాడు. బలి అర్పించుకోండి, మీకోసం యోబు ప్రార్థిస్తాడు అన్నాడు. యోబుకు సుడిగాలిలోనుంచి నేరుగా ప్రత్యుత్తరం వచ్చింది. మధ్యలో యాజకుడు లేడు. జాషువా కథానాయకుడు మాత్రం తన కథను పూజారి లేని వేళ చూచి శివుని చెవిలో చెప్పమని గబ్బిలానికి జాగ్రత్త చెప్పి పంపించాడు.