ఎవరి గురించి రాశామో, వాళ్లూ చదవాలి

1948లో లండన్‌లో మాక్మిలన్ సంస్థ ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ అనే పుస్తకం వేసింది. రాసింది మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, ప్రధాన్లు కిక్రి వాయిస్తూ పాడే వంశగాథలు విని రాసుకున్నారు. ఆ ఊరు ఆయన్ని మరిచిపోలేదు. ఆయన సమాధి, ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కానీ ఇంగ్లిషులో రాసి, లండన్ ధర పెట్టి అమ్మిన ఆ పుస్తకం, గాథలు పాడినవాళ్ల ఇళ్లకు వెళ్లే దారే లేదు.

మానవశాస్త్రంలో ఉన్నవాళ్లం ఈ సంగతి మీద మనసు పెట్టాలని నేను చాలా కాలంగా అంటున్నాను. మన వ్యాసాల్లో ఉండేది మనుషుల ఇళ్లు, పెళ్లిళ్లు, చావులు, దేవుళ్లు. వాళ్లు గంటలకు గంటలు కూర్చుని మనకు చెప్పినవే. అది అచ్చయ్యాక చదవాలంటే వాళ్లే డబ్బు కట్టాల్సిరావడం నాకు ఏనాడూ సబబుగా తోచలేదు.

జర్నల్ వ్యవహారం బయటివాళ్లకు చెబితే నమ్మరు. వ్యాసం రాసినందుకు మాకు పైసా రాదు. దాన్ని చదివి, తప్పొప్పులు పట్టి, పేజీలకొద్దీ అభిప్రాయం రాసిచ్చే రివ్యూయర్లకూ రాదు. చివర్లో కాపీరైటు ప్రచురణ సంస్థకు రాసిచ్చేస్తాం. ఆ సంస్థ దాన్ని లైబ్రరీలకు చందా కింద అమ్ముతుంది. నా వ్యాసం ఒకటి అలాగే ఒక పెద్ద సంస్థ తాళం కింద ఉంది. ఆ వ్యాసానికి ఆధారమైన ఊరివాళ్లు అడిగితే లింకు పంపాను. వాళ్లకు కనిపించింది నాలుగు లైన్ల సారాంశం, దాని కింద డాలర్లలో ధర.

ఓపెన్ యాక్సెస్ ఈ తాళం తీసే పద్ధతి. 2002లో బుడాపెస్ట్ ప్రకటనతో ఈ మాట ప్రపంచమంతా వ్యాపించింది. మా శాస్త్రంలో పెద్ద మలుపు 2014లో వచ్చింది. అమెరికాలోని ‘కల్చరల్ ఆంత్రొపాలజీ’ జర్నల్ ఆ ఏడాది నుంచి కొత్త సంచికలన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టింది, అచ్చువేసినందుకు రచయిత దగ్గరా డబ్బు తీసుకోలేదు. నా దృష్టిలో అసలు విషయం ఆ రెండో మాటే. చాలా జర్నళ్లు పాఠకుడికి తాళం తీసి, ఆ ఖర్చు రచయిత మీద వేస్తున్నాయి. సైన్సులో పెద్ద ప్రాజెక్టులున్నవాళ్లు కట్టగలరేమో. ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే ఉట్నూరు పరిశోధక విద్యార్థి ఎక్కడి నుంచి తెస్తాడు?

అయితే ఉచితం వెనక ఎవరి కష్టం ఉందో కూడా చూడాలి. 2011లో ‘హౌ’ అనే ఓపెన్ యాక్సెస్ జర్నల్ మొదలైంది. మార్సెల్ మోస్ 1925లో కానుకల గురించి రాసిన ప్రసిద్ధ రచన స్ఫూర్తితో పెట్టిన పేరది. డేవిడ్ గ్రేబర్ వంటి మానవశాస్త్రవేత్తలు అండగా నిలిచారు, అందరం సంబరపడ్డాం. 2018కల్లా అది షికాగో యూనివర్సిటీ ప్రెస్ చేతికి, చందా పద్ధతిలోకి వెళ్లింది. అదే ఏడాది, అక్కడ పనిచేసినవారు తమ పని పరిస్థితుల గురించి బహిరంగంగా గొంతు విప్పారు. ప్రూఫులు దిద్దడం, పేజీలు పెట్టడం, రివ్యూయర్లకు పదేపదే గుర్తుచేయడం, ఇదంతా ఎవరో ఒకరి రాత్రుల మీద పడే పని. దానికి జీతం ఇచ్చే బాధ్యతను యూనివర్సిటీలు, విద్వత్ సంఘాలు తలకెత్తుకోవాలి.

మన దేశంలో 2024 నవంబరులో కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. మారుమూల ప్రభుత్వ కాలేజీ విద్యార్థికి ఇది పెద్ద వరం, కాదనను. కానీ ఇది సంస్థ లాగిన్ ఉన్నవాళ్లకే. మార్లవాయి ఊరిపెద్ద అయిన పట్లాకు, డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చిన కుర్రాడికి ఆ లాగిన్ ఉండదు. అంత సొమ్ములో కొంతైనా మన భాషల్లో, మన యూనివర్సిటీల నుంచి వచ్చే తెరిచిన జర్నళ్లకు పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

డబ్బు సంగతి అలా ఉంచితే, తెరిచిన జర్నల్‌కైతే రాసే పద్ధతే మారుతుంది. ఇది నాకు ఓపెన్ యాక్సెస్ జర్నల్‌కు ఒక వ్యాసం పంపినప్పుడే బాగా తెలిసింది. గోండుల దండారి పండుగ గురించి రాసిన వ్యాసం అది. తాళం వేసిన జర్నల్‌లో అయితే ఊరి పేరు మార్చేస్తే చాలనుకుంటాం. తెరిచిన జర్నల్‌లో ఉన్నది ఆ ఊళ్లో ఎవరి ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. ‘ఊళ్లో ఒకే ఒక అంగన్‌వాడీ టీచరు’ అని రాస్తే పేరు మార్చి ఏం లాభం? అందుకే ఒక కుటుంబం భూమి పట్టా గొడవ ఉన్న పేరా మొత్తం తీసేశాను. వాదన కొంచెం పలచబడింది, పడనీ అనుకున్నాను.

రివ్యూయర్లలో ఒకరు, దేవుడి గుడి లోపల జరిగే తంతును ఇంకా వివరంగా రాయమన్నారు. అడగడంలో తప్పులేదు, మా శాస్త్రం అలాగే పెరిగింది. కానీ అది కులపెద్దలు బయటివాళ్లకు చూపించే తంతు కాదు. నన్ను కూర్చోనిచ్చారంటే ప్రపంచానికంతా చూపమని కాదు. ఆ వివరం ఎందుకు ఇవ్వలేదో వ్యాసంలోనే ఒక పేరాగా రాశాను. ఎడిటర్ ఒప్పుకున్నారు, ఆ పేరా అలాగే ఉంచమన్నారు. తెరవడం మీద నమ్మకం ఉన్నవాళ్లం, ఏది తెరవకూడదో కూడా చెప్పగలగాలి. ఆస్ట్రేలియాలో వారుముంగు ప్రజలతో కలిసి తయారుచేసిన ‘ముకుర్టు’ అనే డిజిటల్ భాండాగార వ్యవస్థలో ఏ ఫొటో, ఏ కథ ఎవరు చూడవచ్చో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. మనవాళ్లకూ అలాంటి ఏర్పాటు ఉండాలి.

పంపే ముందు వ్యాసాన్ని తెలుగులో చదివి వినిపించడానికి పట్లా ఇంటి వాకిట్లో కూర్చున్నాం. నాకు గాథ పాడి వినిపించిన ప్రధాన్ పెద్దాయన చివరిదాకా కళ్లు మూసుకుని విన్నాడు. తన పాత్ర వచ్చినచోట వేరే పేరు వినగానే చెయ్యెత్తి ఆపేశాడు.

“మేడం, పేరెందుకు మార్చిన్రు? ఆ పాట మా నాయిన నేర్పిండు. ఆయన పేరు రాయున్రి.”

పేర్లు మార్చడం మాకు నీతిసూత్రం. క్లాసులో మొదటి వారమే చెప్తాం. గొడవల్లో, జబ్బుల్లో, అప్పుల్లో ఉన్నవాళ్లకు అది రక్ష. పాటకు మాత్రం అది అపహరణ. నేను ఇద్దరి పేర్లూ రాశాను, తండ్రి పేరు ముందు. ఇవాళ ఆ పేరుతో వెతికితే వ్యాసం దొరుకుతుంది. ఆయన మనవడు వెతికాడు కూడా.

ఇక లైసెన్సు. తెరిచిన జర్నల్‌లో కాపీరైటు సాధారణంగా రచయిత దగ్గరే ఉంటుంది. ఏ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అన్నది చాలామంది చదవకుండానే టిక్కు పెట్టేస్తారు. పేరు చెప్తే చాలనే లైసెన్సు తీసుకుంటే, ఆ గాథను ఎవరైనా పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చు. నేను వ్యాపారానికి వీల్లేదన్న లైసెన్సు అడిగి తీసుకున్నాను. పాట నాది కానప్పుడు దాన్ని అమ్ముకునే అనుమతి ఇచ్చే హక్కు నాకెక్కడిది?

వ్యాసం వచ్చాక ఉట్నూరు వైపు డిగ్రీ చదివే ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. దండారిలో వేసే గుస్సాడీ వేషం గురించి నేను చెప్పిన అర్థం తనకు నచ్చలేదట. తమ గూడెంలో పెద్దలు చెప్పేది వేరేనట. గంటసేపు వాదించాడు, నేను వెనక్కి తగ్గలేదు, తనూ తగ్గలేదు. అదే వ్యాసంగా రాసి అదే జర్నల్‌కు పంపమన్నాను. ఫీజు ఎంత అని అడిగాడు. లేదని చెప్పాను. ఇంగ్లిషు గురించి భయపడ్డాడు. ముందు తెలుగులో రాయి, ఇంగ్లిషు చేయడానికి నేను సాయం చేస్తాను, నీ వాదన మాత్రం ముట్టుకోను అన్నాను. రివ్యూకి పంపే ఫైలులో ఎక్కడా నీ పేరు కనిపించకుండా చూసుకో, ఆ తర్వాత ఎడిటర్ ఉత్తరం రావడానికి నెలలు పడుతుంది, ఆలోగా పెద్దలకు చదివి వినిపించు అని చెప్పాను. రాస్తున్నాడు.