‘కోతి’ అనే ఒక్క మాట

ఎంగెల్స్ 1876లో రాసి పూర్తిచేయకుండా వదిలిన, 1896లో గాని అచ్చుకాని చిన్న వ్యాసం ఒకటి మన అధ్యయన తరగతులన్నిటికీ ఒజ్జబంతి. శ్రమే మనిషిని మనిషిగా చేసిందని దాని సారం. శ్రీకాకుళం జిల్లాలో అటువంటి ఒక తరగతిలో ఉపన్యాసకుడు “కోతి నుంచి మనిషి పుట్టాడు” అని ముగించగానే, వెనక బెంచీలోంచి ఒక ఉద్దానం కుర్రవాడు లేచాడు. “అయితే మేస్టారూ, మా కొబ్బరితోటలో కోతి ఇంకా కోతిగానే ఉండిపోనాదేటి?” అందరూ నవ్వారు. ఉపన్యాసకుడూ నవ్వి ఊరుకున్నాడు. నా ఫిర్యాదు ఆ నవ్వు మీద. కుర్రవాడి ప్రశ్నలో తప్పు లేదు. మనం చెప్పిన మాటలో ఉంది.

ఎంగెల్స్ చెప్పింది కోతిని గురించి కాదు, మనిషిని పోలిన ఏప్‌లను గురించి. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ ఆ కోవలోవి. వాటికి తోక ఉండదు. తెలుగులో ఈ జాతికి పేరు లేదు. లేకపోవడం వింతా కాదు. మన దేశంలో ఏప్ అంటే ఈశాన్యపు అడవుల్లోని హూలాక్ గిబ్బన్. అది తెలుగువాడి కంటబడే జంతువు కాదు. వస్తువు లేనిచోట మాట మాత్రం ఎక్కణ్ణించి పుడుతుంది? మనం ‘వానరం’తో సరిపెట్టుకున్నాం. నరుడూ వానరుడూ అని ప్రాస కుదిరింది, శాస్త్రం చెడింది. ప్రాసకు లొంగే జబ్బు పాత కవులకే ఉందనుకుంటాం గాని, మనకూ తక్కువ లేదు.

కోతుల శాఖా ఏప్‌ల శాఖా విడిపోయి సుమారు రెండున్నర కోట్ల ఏళ్లయింది. చింపాంజీ పూర్వీకులూ మన పూర్వీకులూ వేరుపడింది దానితో పోలిస్తే నిన్నగాక మొన్న, అరవై డెబ్బై లక్షల ఏళ్ల కిందట. కనుక తోటలోని కోతి మనకు తాత కాదు, దూరపు దాయాది. మన శాఖ మారినంత కాలమూ అదీ తన దారిన మారుతూనే వచ్చింది. కుర్రవాడికి చెప్పవలసిన జవాబు ఇంతే. చెప్పలేదు.

ఎంగెల్స్‌ను పూజించడం కూడా నాకు సమ్మతం కాదు. చేతికి అలవడిన నేర్పు సంతానానికి రక్తంలో దిగుతుందన్న ఆయన ఊహ ఈనాడు నిలవదు. కాని నిటారు నడక ముందు, పెద్ద మెదడు తరువాత అన్న ఆయన క్రమం మాత్రం నిలిచింది. మెదడే ముందు పెరిగిందని నమ్మిన పండితులు 1912లో పిల్ట్‌డౌన్ పుర్రెను నెత్తిన పెట్టుకున్నారు. 1953లో అది బూటకమని తేలింది. 1974లో ఇథియోపియాలో దొరికిన ‘లూసీ’ ముప్పైరెండు లక్షల ఏళ్ల నాటిది. నడక మనిషిది, మెదడు దాదాపు చింపాంజీది.

2018లో కేంద్రమంత్రి సత్యపాల్ సింగ్, ఏప్ మనిషిగా మారడం మన పూర్వులెవరూ చూశామని చెప్పలేదు గనుక డార్విన్ తప్పన్నాడు. తరువాత కొన్నేళ్లకు ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి విజ్ఞానశాస్త్రం నుంచి పరిణామ పాఠం తీసేసింది. మనం నిరసించాం, నిరసించవలసిందే. కాని కోతి ఒకనాడు హఠాత్తుగా మనిషి అయిపోయిందనే బొమ్మను తయారుచేసి జనం చేతికిచ్చింది సగం మనమే కదా!

ఈ అలసత్వం తరగతి గదిలోనే ఆగిపోతే పోనిమ్మనవచ్చు. ఆగదు. పల్లెవాడు నల్లమూతి కొండముచ్చును కోతితో ఏనాడూ కలపడు. అది ఆకులు తిని అరిగించుకునే గదుల కడుపు గల జంతువని పుస్తకం చెబుతుంది. దాని నడత వేరని వాడు కళ్లతో చూశాడు. కాని మిగిలిన రెండిటికీ తెలుగులో ‘కోతి’ ఒక్కటే పేరు. తూర్పున గోదావరికి ఉత్తరాన, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నది పొట్టితోక రీసస్. గోదావరికి దక్షిణాన నెత్తిన టోపీలా వెంట్రుకల సుడి, పొడుగు తోక గల మరొక జాతి ఉంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. రీసస్ గింజ, పండు, గుడి ప్రసాదం, చెత్తకుండీ దేనినీ వదలదు; మనం అడవిని చెడగొట్టిన అంచుల్లోనే అది బలిసింది. కొంతకాలంగా దక్షిణానికి చొచ్చుకుపోతూ టోపీకోతి నెలవులు ఆక్రమిస్తున్నది. టోపీకోతి ఇప్పుడు ప్రమాదంలో పడిన జాతుల పట్టికకెక్కింది.

అందుకని ‘పట్టి దూరంగా వదిలెయ్యండి’ అన్న కేకలో అర్థం చూడాలి. ఎక్కడికి దూరంగా? ఒక చోట పట్టినవాటిని గోదావరి దాటిస్తే, ఇక్కడి రైతు బెడద అక్కడి రైతుకు చేరుతుంది, అక్కడి కోతికి నిలువ నీడ పోతుంది. పోనీ దగ్గర కొండ మీద వదులుదామంటే, అడవిపండ్ల చెట్లు పోయి జీడి, నీలగిరి నాటిన కొండ మీద దానికి తిండేదీ? మళ్లీ కొబ్బరితోటకే దిగుతుంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టని మనం సభల్లో చెప్పుకుని నవ్వే సామెత, 2018 తిత్లీ తుపానుకు చెట్లు కూలగా మిగిలిన కాయను లెక్కపెట్టుకున్న ఉద్దానం రైతుకు నవ్వు తెప్పించదు.

వచ్చే నెల ఆ తరగతి మళ్లీ ఉంది. ఏప్‌కు తెలుగులో ఏం పేరు పెడదామో ముందు ఆ కుర్రవాణ్ణే అడగమని ఉపన్యాసకుడికి ఉత్తరం రాశాను.